తొలినాళ్ల గేమ్ స్ట్రీమింగ్ నిజంగా అంత బాగుండేదా?

తమ్ముడు అడిగింది ఇదీ: "2011-14 మధ్య గేమ్ స్ట్రీమింగ్ వేరే లెవెల్ అని సీనియర్లు ఎప్పుడూ అంటుంటారు. నిజంగానే అంత బాగుండేదా, లేక వాళ్లకు కుర్రతనం గుర్తొస్తోందా? నేను కొత్తగా ఛానల్ పెట్టాను, పాతికమంది దాకా వస్తారు. ఆ ఫీల్ ఇప్పుడు తెచ్చుకోగలనా? పాత స్ట్రీములు ఎక్కడైనా చూడొచ్చా?"

నేను హైదరాబాద్‌లోనే పెరిగాను. ఇప్పుడు గేమింగ్ టోర్నమెంట్లకు లైవ్ ప్రొడక్షన్ చేస్తుంటాను. ఎన్‌కోడర్లు (వీడియోను కుదించి నెట్‌లోకి పంపేవి), కామెంటరీ ఆడియో, నెట్ లైన్లు చూసుకునే పని. అంతకుముందు చాలా ఏళ్లు చూసేవాడిని, మధ్యలో కొన్నాళ్లు ఆడి చూపించేవాడిని. కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టు.

బాగుండేది, అది నిజం. కానీ సీనియర్లు చెప్పే కారణాలకు కాదు. అప్పటి ఆటగాళ్లు ఇప్పటివాళ్ల కంటే గొప్పవాళ్లూ కాదు, అప్పటి జనం ఇప్పటివాళ్ల కంటే మంచివాళ్లూ కాదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: మన ఊరికి ఈ తొలిరోజులు రెండుసార్లు వచ్చాయి. మొదటిసారి మనం ఉత్త ప్రేక్షకులం. రెండోసారి, 2018 తర్వాత, మనమే స్ట్రీమర్లం. మా వయసువాళ్లు మొదటిదాన్ని తలుచుకుని మురిసిపోతారు. మనది అని చెప్పుకోదగ్గది మాత్రం రెండోదే.

మొదటిదాని సంగతి చూద్దాం. జస్టిన్ టీవీ అనే లైవ్ వీడియో సైటు 2007 మార్చిలో మొదలైంది. జస్టిన్ కాన్ అనే అమెరికా కుర్రాడు టోపీకి కెమెరా తగిలించుకుని తన రోజంతా ఇంటర్నెట్‌లో చూపించాడు. తర్వాత ఎవరైనా ఛానల్ పెట్టుకోవచ్చన్నారు. ఇక్కడ ఆ సైటు పేరు తెలిసినవాళ్లలో చాలామందికి అది గేములతో తెలియలేదు, క్రికెట్‌తో తెలిసింది. టీవీ లేని హాస్టల్ కుర్రాళ్లు, ఆఫీసులో విండో చిన్నది చేసి స్క్రీన్ మూలకు జరుపుకునే సాఫ్ట్‌వేర్ వాళ్లు, అందరూ అక్కడే. అవి దాదాపు అన్నీ దొంగ ప్రసారాలే. ఆ గొడవ ముదిరి 2009 డిసెంబరులో కంపెనీ సీఈవో మైకేల్ సీబెల్ అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు కూర్చుని సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సైటులోనే ఒక పక్కన గేమింగ్ విభాగం ఉండేది. 2010 జులైలో స్టార్‌క్రాఫ్ట్ 2 అనే గేమ్ వచ్చాక అది బాగా పెరిగింది. 2011 జూన్‌లో దాన్నే ట్విచ్ అనే పేరుతో విడిగా పెట్టారు.

అయితే ఒకడు ఆడుతుంటే పదిమంది చూడటం మనకు ట్విచ్ నేర్పలేదు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, హిమాయత్‌నగర్ నెట్ కేఫుల్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేవాడి కుర్చీ వెనక ఎప్పుడూ నలుగురు నిలబడే ఉండేవాళ్లు. గంటకు డబ్బులు కట్టేది వాడు, సలహాలు ఇచ్చేది వీళ్లు. ఆఖరి ఒక్కడు మిగిలితే కేఫంతా లేచి వాడి వెనక చేరేది. స్ట్రీమింగ్ అంటే నాకు ఇప్పటికీ అదే.

అసలు విషయం బ్యాండ్‌విడ్త్, అంటే నెట్ లైను ఎంత మోయగలదన్నది. అప్పట్లో ఇళ్లల్లో ఎక్కువగా ఫోన్ లైను మీద వచ్చే ఏడీఎస్‌ఎల్, లేదంటే గల్లీలో కేబుల్ అన్న ఇచ్చే లైను. నెలకింత డేటా అని లెక్క. బొమ్మ మసగ్గా ఉండే 360పీలో స్ట్రీమ్ చూస్తే గంటకు దాదాపు 300 ఎంబీ పోతుంది, స్పష్టంగా ఉండే 720పీ అయితే 1 జీబీ పైనే. అందుకే రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా లెక్కలోకి రాని ప్లాన్ ఉన్నవాడే మా బ్యాచ్‌లో మహారాజు. ఆ వేళ కూడా భలే కుదిరింది. మనకు రాత్రి 2 అంటే చలికాలంలో జర్మనీ, స్వీడన్ వాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర. స్ట్రీములు మంచి ఊపులో ఉండే టైము. ఉదయం 8 కాగానే మీటరు మొదలయ్యేది. సరిగ్గా అప్పుడే కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరున్నరై అక్కడివాళ్లు లైవ్‌లోకి వచ్చేవాళ్లు. అందుకే మా బ్యాచ్‌లో అందరూ యూరప్ ఆటగాళ్ల ఫ్యాన్సే. మా అభిమానాన్ని నిర్ణయించింది నెట్ ప్లాన్.

డేటా అయిపోయిన రోజుల్లో ఇంకో దారి ఉండేది. ట్విచ్ చాట్ లోపల నడిచేది ఐఆర్‌సీ అనే పాతకాలపు చాట్ పద్ధతే. కాబట్టి వీడియో తెరవకుండా ఎంఐఆర్‌సీ లాంటి చిన్న ప్రోగ్రామ్‌తో చాట్‌లోకి మాత్రం వెళ్లొచ్చు. బొమ్మ లేదు, సౌండ్ లేదు. ఉన్నట్టుండి లైన్లు వరదలా దూసుకుపోతే ఏదో పెద్ద ఫైట్ జరిగిందని అర్థం. వరసగా కప్పా, కప్పా (ట్విచ్‌లో వెటకారానికి వాడే ముఖం బొమ్మ పేరు) అని పడుతుంటే ఎవరినో ఆటపట్టిస్తున్నారని అర్థం. ఆట చూడకుండా జనం అరుపులు వింటూ మ్యాచ్ ఫాలో అయ్యేవాళ్లం. ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతారు, నవ్వనీ.

ఆ పేదరికం మనదొక్కరిదే కాదు. ఇప్పుడు లక్షల డాలర్ల విరాళాలు సేకరించే గేమ్స్ డన్ క్విక్ ఉంది చూడు, ఆటల్ని వీలైనంత వేగంగా పూర్తిచేసే మారథాన్. దాని మొదటిది 2010 జనవరిలో ఒక గేమింగ్ పండగ జరిగే హోటల్లో పెట్టాలనుకున్నారు. హోటల్ నెట్ ఆగలేదు. చివరికి నిర్వాహకుడి అమ్మగారింటి బేస్‌మెంట్‌లోకి మార్చారు. సోఫా మీద నలుగురు, ఒక టీవీ, అంతే. అలా కూడా 10 వేల డాలర్లకు పైగా పోగైంది. ఇప్పుడు ఆ వీడియో చూస్తే మనింట్లో కజిన్లు ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

2011 ఆగస్టులో జర్మనీలోని కొలోన్‌లో డోటా 2 అనే గేముకు ఇంటర్నేషనల్ అనే పెద్ద టోర్నమెంట్ మొదటిసారి జరిగింది. బహుమతి మొత్తం 16 లక్షల డాలర్లు, గెలిచిన నావీ టీముకే 10 లక్షలు. గేమ్ ఆడితే ఇంత డబ్బా అని ఇళ్లల్లో అడిగింది మొదట అప్పుడే. మా ఫ్రెండ్ వాళ్ల రూము ఎస్.ఆర్.నగర్‌లో ఉండేది. లైను ఒక్క స్ట్రీముకే సరిపోతుంది కాబట్టి ఒక్కటే మానిటరు, చుట్టూ మేమంతా. మాలో ఒకడికి ఇంగ్లీష్ కామెంటరీ తలకెక్కేది కాదు. వాల్యూమ్ తగ్గించి వాడే అందుకునేవాడు: "పోయిండు, పోయిండు, పైసల్లేవ్ వానికి, ఇగ లేవడు. అరె, ఎనకకు రా బై, ఎనకకు రా!" టీమ్ పేరు పలకడం రాకపోతే "పసుప్పచ్చోళ్లు" అనేవాడు. నేనిప్పుడు టోర్నమెంట్లకు తెలుగు కామెంటేటర్లను డబ్బులిచ్చి పిలుస్తాను. వాళ్లలో మంచివాళ్లు మాట్లాడేది అచ్చం ఇలాగే. చెడ్డవాళ్లు ఇంగ్లీష్ కామెంటరీని తెలుగులోకి మార్చి అప్పజెప్తారు.

మనం స్ట్రీమ్ చెయ్యడం మాత్రం ఇంకో కథ. ఏడీఎస్‌ఎల్‌లో డౌన్‌లోడ్ ఎంతున్నా అప్‌లోడ్ నామమాత్రం. నా లైనులో 512 కేబీపీఎస్ దాటేది కాదు. 720పీ శుభ్రంగా వెళ్లాలంటే 2 ఎంబీపీఎస్ పైనే కావాలి. పైగా ఆన్‌లైన్ గేమ్ కూడా ఆ ఇరుకు లైనులోనే పోవాలి. స్ట్రీమ్ నాణ్యత పెంచితే పింగ్ (గేమ్ సర్వరుకు సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే టైము) పెరుగుతుంది, పింగ్ కాపాడుకుంటే బొమ్మ పోతుంది. 240పీలో మినీమ్యాప్, అంటే తెర మూలన ఉండే చిన్న మ్యాప్, ఒక ఆకుపచ్చ మచ్చ. స్క్రీన్ మీద రాసిన అక్షరం ఒక్కటి చదవడానికి రాదు కాబట్టి అన్నీ నోటితో చెప్పాల్సిందే: నా హెల్త్ ఇంత, తుపాకీ ఇది, ఇప్పుడు ఇటు పోతున్నా. అప్పటి స్ట్రీమర్లు అంత వాగుడుకాయలు ఎలా అయ్యారంటే ఇదే కారణం. బొమ్మ కనపడదు మరి.

సాఫ్ట్‌వేరూ అంతే. స్ట్రీమ్ పంపడానికి ఎక్స్‌స్ప్లిట్ అనే ప్రోగ్రామ్ ఉండేది, మంచి సౌకర్యాలు కావాలంటే డబ్బు కట్టాలి. 2012లో అదే పని చేసే ఓబీఎస్ వచ్చింది. ఉచితం, ఓపెన్ సోర్స్. అది రాకపోతే ఈ రోజు నీ ఛానల్ లేదు, నా ఉద్యోగమూ లేదు. కానీ వీడియో కుదించే పనంతా ప్రాసెసర్ మీదే పడేది. గ్రాఫిక్స్ కార్డులో విడిగా ఎన్‌కోడర్ పెట్టడం ఎన్‌విడియా 2012లో కెప్లర్ కార్డులతోనే మొదలుపెట్టింది. అవి మన జేబుకు అందేసరికి ఇంకొన్నేళ్లు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ పక్కన సీటీసీలో షాపు షాపు తిరిగి, సెకండ్ హ్యాండ్ క్వాడ్ కోర్ బేరమాడి తెచ్చుకుంటే తప్ప ఆట, స్ట్రీమ్ రెండూ నడిచేవి కావు. ఓబీఎస్ కింద మూలన చిన్న చదరం ఉండేది. ఆకుపచ్చగా ఉంటే సరే, ఎర్రబడితే ఫ్రేములు పడిపోతున్నట్టు. నేను ఆట కంటే ఆ చదరాన్నే ఎక్కువ చూసేవాడిని. ఇక వేసవిలో కరెంటు కోతలు. సిస్టమ్ యూపీఎస్ మీద ఉండేది, మోడెమ్ గోడ ప్లగ్గు మీద. కరెంటు పోతే ఆట ఆఫ్‌లైన్, స్ట్రీమ్ ఆఫ్‌లైన్, నేను మాత్రం ఆన్‌లో, పక్కన యూపీఎస్ కీచుమంటూ.

ఇన్ని ఇబ్బందులున్నా ఎందుకు బాగుండేది? నా లెక్క ప్రకారం రెండే కారణాలు. ఒకటి ఆడేవాడికీ చూసేవాడికీ మధ్య ఆలస్యం తక్కువ, రెండోది గది చిన్నది.

ఆలస్యం సంగతి చాలామంది పట్టించుకోరు. మొదట్లో వీడియో ఫ్లాష్ ప్లేయర్‌లోకి తెగకుండా వచ్చేది. నువ్వు చాట్‌లో రాస్తే నాలుగైదు సెకన్లలో ఆడేవాడు చదివి నవ్వేవాడు. 2013-14 ప్రాంతంలో హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతికి మారారు. అందులో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క తయారయ్యాక పంపుతారు. కుళాయి కింద దోసిలి పట్టి తాగడానికీ, బిందె నిండాక ఇంట్లోకి మోసుకొచ్చి తాగడానికీ ఉన్నంత తేడా. ఫోన్లకు, లక్షలమంది జనానికి అదే సరైన పద్ధతి, తప్పు పట్టను. కానీ ఆలస్యం ఇరవై, ముప్పై సెకన్లకు పోయింది. అప్పుడు నువ్వు అడిగిన ప్రశ్న ఆటగాడికి చేరేసరికి ఆ సందర్భమే దాటిపోయేది. మాటకు మాట పడకపోతే అది కబుర్లు కాదు, ఉత్తరాలు.

2014 ఫిబ్రవరిలో ట్విచ్ ప్లేస్ పోకెమాన్ జరిగినప్పుడు ఈ ఆలస్యమే ఆటైపోయింది. పోకెమాన్ రెడ్ గేమును చాట్‌కి అప్పగించారు. జనం పైకి, కిందికి, ఎడమ, కుడి అని టైప్ చేస్తే బొమ్మ నడుస్తుంది. తెర మీద కనపడేది చాలా సెకన్ల కిందటిది, అందరూ దాన్ని చూసి బటన్ చెప్తున్నారు. ఒక్క అడుగు తప్పితే కిందికి దూకేసే చిన్న గట్టు దాటడానికి గంటలు పట్టింది. 11 లక్షలమందికి పైగా చెయ్యి వేశారు, 16 రోజుల్లో ఆట పూర్తయింది. నేనూ ఎడమ, ఎడమ అని కొట్టాను. నా ఎడమ ఏదో ఒకటి పనికొచ్చిందని ఇప్పటికీ నమ్మకం.

గది చిన్నది అంటే, ముప్పైమంది ఉన్న చాట్‌లో ప్రతి పేరూ తెలుస్తుంది. రాత్రి మూడింటికి రోజూ వచ్చే హైదరాబాదీని అక్కడివాళ్లు గుర్తుపట్టి "ఇంకా పడుకోలేదా" అని అడిగేవాళ్లు. ఎక్కడో యూరప్ మూల నుంచి ఒక ఆటగాడు నీ పేరు తప్పుగా పలికినా పలికాడు కదా! సీనియర్లు తలుచుకునేది దీన్నే, కాకపోతే దానికి 2012 అని పేరు పెట్టారు.

వాళ్లు దాచేది కూడా చెప్పాలి. స్ట్రీమ్‌లో ఒక అమ్మాయి గొంతు వినపడితే చాట్‌లో ఏం జరిగేదో రాయడానికి సిగ్గేస్తుంది. మన దేశం పేరు చెప్తే వచ్చే వెటకారాలు సరేసరి. అదుపు చేసే సాధనాలూ లేవు, చెయ్యాలన్న పట్టింపూ తక్కువే. ఈ విషయంలో ఇప్పుడే నయం, చాలా నయం.

ఇంకో తిరకాసు ఉంది. ఆ రోజుల్ని ఎంత పొగిడినా అడ్డు చెప్పడానికి సాక్ష్యం మిగల్లేదు. ఓన్‌డ్ టీవీ అని ట్విచ్‌కి పోటీగా ఉండేది, 2013 జనవరి చివర్లో మూసేశారు. 2014 ఆగస్టు అయితే ఒక్క నెలలోనే అన్నీ: మొదటివారంలో జస్టిన్ టీవీ మూతపడింది, ట్విచ్ పాత ప్రసారాలను శాశ్వతంగా ఉంచడం మానేసి మామూలు ఛానళ్లకు 14 రోజులు, ట్విచ్‌తో ఒప్పందం ఉన్న పెద్ద ఛానళ్లకు (పార్ట్‌నర్లకు) 60 రోజులు అని గడువు పెట్టింది, పాటలు వినపడిన రికార్డింగుల్లో సౌండ్ మ్యూట్ చెయ్యడం మొదలెట్టింది, నెలాఖరులో అమెజాన్ 97 కోట్ల డాలర్లకు ట్విచ్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. తొలిరోజులు ఎప్పుడు అయిపోయాయని ఎవరైనా అడిగితే నేను ఆ నెలే చెప్తాను.

ఇప్పుడు మన రెండో విడత. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. 2017లో యాక్ట్ అనే ఇంటర్నెట్ కంపెనీ హైదరాబాద్‌లో 1 జీబీపీఎస్ లైను తెచ్చింది. ఫైబర్‌లో అప్‌లోడ్ కూడా పుష్కలం. 2018 మార్చిలో పబ్‌జీ మొబైల్. ఏడాది తిరిగేసరికి కూకట్‌పల్లిలో, ఎల్.బి.నగర్‌లో, పాతబస్తీలో ఇంటికొక స్ట్రీమర్. పీసీ లేదు, సీటీసీ తిరుగుడు లేదు, చేతిలో ఫోను, ఆమ్లెట్ ఆర్కేడ్ లాంటి ఒక యాప్.

ఆ స్ట్రీముల్లో నాకు భలే ఇష్టమైంది సౌండు. ఆండ్రాయిడ్ 10 వచ్చేదాకా, అంటే 2019 దాకా, ఫోన్ లోపలి సౌండును నేరుగా రికార్డ్ చేసే వీలు మామూలు యాప్‌లకు లేదు. స్పీకర్‌లో గేమ్ సౌండ్ పెట్టి మైకు ఆన్ చేసుకోవడమే దారి. దాంతో ఇల్లంతా లైవ్‌లోకి వచ్చేది. గేములో ఏడబ్ల్యూఎం తుపాకీ పేలిన వెంటనే కుక్కర్ విజిల్. జోన్ (ఆటలో ప్రాణాలతో ఉండగలిగే చోటు) మూసుకుపోతుంటే "అన్నం పెట్టిన, చల్లారిపోతోంది" అని లోపలి నుంచి అమ్మ. చాట్ మొత్తం "పోయి తిను అన్నా" అని. వినాయక చవితి నవరాత్రుల్లో గల్లీ మండపం మైకు ముందు తుపాకుల మోత ఎవరికీ వినపడేది కాదు, శత్రువు పక్కకొచ్చినా తెలిసేది కాదు. స్ట్రీమర్ చచ్చిపోతే చాట్‌లో అందరూ "గణపతి బప్పా మోరియా".

కస్టమ్ రూములు, అంటే స్ట్రీమర్ తన చూసేవాళ్లతో ఆడటానికి విడిగా పెట్టే మ్యాచులు, ఇంకో సరదా. "ఐడీ పాస్ చెప్తున్నా, రాసుకోండ్రి" అనగానే సెకన్లలో నిండిపోయేవి. ఇక్కడా ఆలస్యమే రాజ్యమేలేది. ఎవడి ఫోన్లో స్ట్రీమ్ రెండు సెకన్లు ముందుంటే వాడికే సీటు. దొరకనివాళ్లు "అన్నా, నెక్స్ట్ రూములో పక్కా" అని బతిమాలేవాళ్లు. 2020 సెప్టెంబరు 2న గేమ్ బ్యాన్ అయ్యింది. మర్నాడు చాలామంది ఆట లేకుండానే లైవ్ పెట్టి ఊరికే కూర్చుని మాట్లాడారు. చూసేవాళ్లు అయినా వచ్చారు. దాన్ని బట్టి అర్థం చేసుకో, వచ్చింది ఆట కోసమా, మనిషి కోసమా. మొదటి విడతలో మనం ఎవరి గదిలోనో చివరి బెంచీ. ఇది మన గది, మన భాష. పదేళ్లు పోతే 2018 కుర్రాళ్లు కూడా మాలాగే వేరే లెవెల్ అంటారు, చూస్తుండు.

ఇక నీ ఛానల్. పాతికమంది వస్తున్నారని నువ్వు మొహమాటపడుతూ రాశావు. నువ్వు వెతుకుతున్నది అదే, తమ్ముడూ. యూట్యూబ్‌లో అయితే స్ట్రీమ్ సెట్టింగుల్లో లేటెన్సీని (ఆలస్యాన్ని) "అల్ట్రా లో" అని పెట్టు. అలా పెడితే 1080పీ దాటి పంపలేవు, నీకు అవసరమూ లేదు. ఓబీఎస్‌లో కీఫ్రేమ్ ఇంటర్వెల్ (పూర్తి బొమ్మను ఎన్ని సెకన్లకోసారి పంపాలన్న సెట్టింగ్) 2 సెకన్లు ఉంచు. చూసేవాళ్లలో నెట్ బాగాలేనివాళ్లకు అప్పుడప్పుడూ ఆగుతుంది, ముందే చెప్పేయి. రోజూ ఒకే టైముకి రా. మధ్యలో మాట్లాడటానికి సందు దొరికే ఆట ఎంచుకో, నాన్ స్టాప్ షూటింగ్ అయితే చాట్ చదవలేవు. థంబ్‌నెయిళ్లు, అలర్టు సౌండ్లు, స్క్రీన్ నిండా గ్రాఫిక్సు ఇప్పుడే వద్దు. ఎవరైనా పేరు పెట్టుకుని వస్తే పేరుతో పిలువు. వందమంది దాటాక ఇది కష్టమవుతుంది, నమ్మకస్తులైన ఇద్దరిని చాట్‌ను అదుపులో ఉంచే మోడరేటర్లుగా పెట్టుకో. ఆ రోజు వచ్చినప్పుడు మళ్లీ అడుగు, అప్పటి లెక్క వేరు.

పాత స్ట్రీముల విషయానికొస్తే, గేమ్స్ డన్ క్విక్ తొలి మారథాన్లలో ఆడిన ఆటలు, ఇంటర్నేషనల్ 2011 మ్యాచులు యూట్యూబ్‌లో దొరుకుతాయి. మామూలు జనం రాత్రుళ్లు చేసుకున్న స్ట్రీములు ఆశించకు, చాలావరకు పోయాయి. 2018-19 నాటి తెలుగు పబ్‌జీ లైవ్‌లు మాత్రం ఎన్నో ఇంకా ఉన్నాయి. ఒకటి ఎడిట్ చెయ్యనిది తీసి మొదటి నుంచి చూడు. సగం లాబీలో (మ్యాచ్ మొదలయ్యేముందు ఉండే చోట) ఎదురుచూడటమే, "అన్నా హాయ్ చెప్పు" అనడమే. బోర్ కొడితే దాటెయ్యకు, అప్పుడూ అలాగే ఉండేది.

నీ స్ట్రీముల కాపీ మాత్రం సైటు మీద వదిలెయ్యకు. ఓబీఎస్‌లో స్ట్రీమ్‌తో పాటు రికార్డింగ్ కూడా నొక్కు, ఫార్మాట్ ఎంకేవీ పెట్టు. మామూలు ఎంపీ4 అయితే మధ్యలో కరెంటు పోతే ఫైలు మొత్తం పాడవుతుంది. ఎంకేవీలో అప్పటిదాకా రికార్డయినది మిగులుతుంది, తర్వాత ఓబీఎస్‌లోనే ఎంపీ4కి మార్చుకోవచ్చు.